పరువు పేరుతో జరిగే దగా

జిల్లా పేజీ తిరగేస్తే తరచూ కనిపించే వార్త ఇది. ఫలానా ఊళ్లో ఎరువుల వ్యాపారి రెండు కోట్లకు ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టాడు, అప్పులిచ్చినవాళ్లు లబోదిబోమంటున్నారు. శీర్షికలో ‘కుచ్చుటోపీ’ ఉండి తీరుతుంది. పిటిషన్‌లో ఆస్తి ఎంత చూపించాడు, అప్పులు ఎందుకయ్యాయి, ఎవరెవరికి ఎంతెంత ఇవ్వాలి అన్న ముక్క ఒక్కటీ ఉండదు. చదివేవాళ్లకు దాని అవసరం కూడా లేదు, వాళ్ల తీర్పు ముందే సిద్ధం. ఐపీ పెట్టాడంటే ఎగ్గొట్టాడు. నీతీ నిజాయితీ ఉన్నవాడైతే ఇల్లూ వాకిలీ అమ్మి, చాలకపోతే మరోచోట తెచ్చి, అణాపైసలతో సహా తీర్చేవాడట. పరువున్నవాడు ఆ కోర్టు మెట్లెక్కడట.

ఈ తీర్పు తప్పు. ఐపీ పెట్టినవాళ్లంతా హరిశ్చంద్రులని నేననడం లేదు. వాళ్లలో దగాకోరులున్నారు, వాళ్ల సంగతికి తర్వాత వస్తాను. నేననేది ఇది: తీర్చే దారి లేదని లెక్క తేలిపోయాక కూడా పరువు కోసం నెట్టుకొచ్చేవాడి వల్లే అప్పులిచ్చినవాళ్లు ఎక్కువ నష్టపోతారు. చేతిలో ఇంకా ఆస్తి ఉండగానే కోర్టుకెళ్లి ‘నాకున్నది ఇదీ, అందరూ పంచుకోండి’ అన్నవాడి వల్ల తక్కువ నష్టపోతారు. మనం మాత్రం మొదటివాణ్ణి పెద్దమనిషంటున్నాం, రెండోవాణ్ణి దొంగంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. చిన్న టౌనులో ఒక వ్యాపారి ఉన్నాడనుకోండి. ప్రోనోట్ల మీద తెచ్చిన అప్పు 40 లక్షలు, వడ్డీ నూటికి రెండున్నర. అంటే నెలకు లక్ష రూపాయల వడ్డీ. కొట్టు మీద వచ్చేది ఇంటి ఖర్చుకు సరి. ఆస్తి అంటూ ఉన్నది 24 లక్షలు పలికే ఇల్లు, తాకట్టులో లేదు. ఈ రోజు అతను చేతులెత్తేస్తే, కోర్టు ఖర్చులు పక్కన పెడితే, అప్పులవాళ్లకు రూపాయికి 60 పైసలు దక్కుతాయి.

చేతులెత్తేయలేదు, పరువుకు పోయాడు. నెలనెలా ఆ లక్ష ఎక్కణ్నుంచి వస్తుంది? ఇంకో అప్పు నుంచి. ఏడాది తిరిగేసరికి, కొత్త అప్పుల మీద వడ్డీ వదిలేసినా, బాకీ 52 లక్షలు. ఇల్లు అదే, 24 లక్షలూ అవే. ఇప్పుడు రూపాయికి 46 పైసలు. ఆ ఏడాదిలో కొత్తగా చేరిన 12 లక్షలు ఎవరివి? బజారులో ఫైనాన్స్ వ్యాపారులు అప్పటికే వాసన పట్టేసి ఉంటారు, వాళ్లు పైసా కూడా రాల్చరు. ఇంకా ఏమీ తెలియనివాళ్లే దొరుకుతారు. రిటైరై పీఎఫ్ డబ్బు చేతికొచ్చిన మాస్టారు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపింది దాచుకున్న పక్కింటి పెద్దావిడ, నగలు తీసిచ్చిన మరదలు. వాళ్ల డబ్బు ఇతని చేతుల మీదుగా పాత అప్పులవాళ్ల వడ్డీ కిందికి పోయింది. మొదట ఇచ్చినవాడి వడ్డీని చివర ఇచ్చినవాడు కట్టాడు. దీన్ని మనం నిజాయితీ అంటున్నాం!

తీర్చడంలో వరస ఎలా ఉంటుందో కూడా చూడండి. పొద్దున్నే ఆరింటికి బండేసుకొచ్చి, వరండాలో కుర్చీ లాక్కుని, వీధి అంతటికీ వినబడేలా మాట్లాడే వడ్డీ వ్యాపారిది మొదటి వంతు. ప్రోనోటుకు మూడేళ్లు నిండి కాలదోషం పట్టేలోపు లాయరు నోటీసు పంపినవాడిది రెండో వంతు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాడిది ఆ తర్వాత. ‘అన్నయ్యా, నీ వీలు చూసుకునే ఇవ్వు’ అన్న చెల్లెలిది, ‘షావుకారు గారూ, పిల్ల పెళ్లినాటికి సర్దితే చాలండీ’ అన్న గుమాస్తాది ఆఖరి వంతు. ఆ వంతు వచ్చేసరికి ఇల్లు కూడా వరండాలో కూర్చున్నవాడి పేర రిజిస్టరైపోయి ఉంటుంది. పరువున్న మనిషి అప్పు తీర్చాడు, నిజమే. ఎవరికి తీర్చాడు? గట్టిగా అరిచినవాడికి. ఎవరికి ఎగ్గొట్టాడు? నమ్మి నోరు మూసుకున్నవాళ్లకు.

దివాలా చట్టం పుట్టింది సరిగ్గా ఈ వరసను తప్పించడానికే. రెండు తెలుగు రాష్ట్రాల్లో మామూలు మనిషికి ఇవాళ్టికీ దిక్కు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. దాని కింద పిటిషన్ వేసేవాడు ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నాడో పేర్లు, చిరునామాలతో సహా రాసివ్వాలి. ఉన్న ఆస్తి ఏమిటి, విలువెంత, ఎక్కడుంది చెప్పాలి. అదంతా కోర్టుకు అప్పగించడానికి సిద్ధమని ఒప్పుకోవాలి. ఖాతా పుస్తకాలు చూపాలి. కోర్టు అతణ్ణి దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి కోర్టు చేతికో రిసీవరు చేతికో వెళుతుంది. ఆ తర్వాత ఆ బాకీ మీద విడిగా దావా వెయ్యాలంటే కోర్టు అనుమతి కావాలి. తాకట్టు లేని అప్పులవాళ్లంతా, చట్టం ముందు పెట్టిన కొద్ది బాకీలు పోను, ఒకే నిష్పత్తిలో పంచుకుంటారు. అరిచినవాడికి ఎంతో అడగనివాడికీ అంతే. గుమాస్తాకూ ఫైనాన్స్ వ్యాపారికీ రూపాయికి అన్నే పైసలు.

ఆ చట్టంలోనే 42వ సెక్షన్ ఉంది. ఎవరెవరికి అప్పుల నుంచి పూర్తి విముక్తి ఇవ్వకూడదో అక్కడ వరసగా రాశారు. తాను దివాలా స్థితిలో ఉన్నానని తెలిసీ వ్యాపారం సాగించినవాడికి ఇవ్వకూడదు. తీర్చగలనన్న ఆశకు ఏ ఆధారమూ లేకుండా కొత్త అప్పు చేసినవాడికి ఇవ్వకూడదు. ఆస్తి విలువ బాకీల్లో రూపాయికి అర్ధరూపాయికి కూడా సరిపోనివాడు, అది తన తప్పు వల్ల జరగలేదని కోర్టును ఒప్పించాలి, లేకపోతే ఇవ్వకూడదు. పైన చెప్పిన వ్యాపారిని ఈ సెక్షన్ ముందు నిలబెట్టండి. 60 పైసలు ఉన్న రోజు వస్తే గట్టెక్కేవాడు. 46 పైసలకు దిగజారాక వచ్చాడు, పైగా ఏడాదిపాటు తెలిసీ కొత్త అప్పులు చేశాడు. మనం మెచ్చుకునే ‘చివరిదాకా పోరాడిన’ గుణాన్నే వందేళ్ల కిందటి చట్టం తప్పుల జాబితాలో రాసిపెట్టింది. ఈ విషయంలో ఊరి నీతి కంటే బ్రిటిష్‌వాళ్ల చట్టానికే అప్పులిచ్చినవాళ్ల మీద ఎక్కువ దయ ఉంది.

ఇక దగాకోరుల సంగతి. ‘నీతులు చెప్పకండి, మా ఊళ్లో ఐపీ పెట్టినవాడు భార్య పేర మేడ కట్టాడు, బావమరిది పేర పొలం రాశాడు, ఇప్పుడు కారులో తిరుగుతున్నాడు’ అంటారు. నిజమే, అలాంటివాళ్లున్నారు. చీటీల పేరుతో వీధి వీధంతా డబ్బు వసూలు చేసి, పిటిషన్ వేసే ముందు రోజు దాకా పాటలు నడిపినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపం ఐపీ మీద చూపడంలో అర్థం లేదు, ఎందుకంటే ఆ దొంగను పట్టే అస్త్రాలు ఉన్నది ఐపీ కోర్టులోనే. ఉచితంగా ఆస్తి రాసిచ్చిన రెండేళ్లలోపు పిటిషన్ పడి దివాలాదారుగా తేలితే, ఆ బదిలీ చెల్లకుండా చేయించవచ్చు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్క అప్పులవాడికి మేలు చేయడానికి కట్టబెట్టినదాన్నీ వెనక్కి లాగవచ్చు. ఖాతా పుస్తకాలు దాచినా, ఆస్తి మాయం చేసినా ఏడాది దాకా జైలు. అన్నిటికంటే ముఖ్యం, మోసంతో తెచ్చిన బాకీ విముక్తి ఉత్తర్వు వచ్చినా పోదు. ఇవన్నీ అదే 1920 చట్టంలో ఉన్నాయి.

మరి దొంగలెందుకు తప్పించుకుంటున్నారు? ఐపీ అంటే అంతా అయిపోయినట్టేనని అప్పులిచ్చినవాళ్లు కూడా నమ్మడం వల్ల. నోటీసు అందగానే తలబాదుకుంటారు, తిట్టుకుంటారు, కాగితం బీరువాలో పడేస్తారు. వాయిదాకు వెళ్లి ‘ఈ మేడ ఎవరిది, ఈ రిజిస్ట్రేషన్ ఎప్పుడు జరిగింది’ అని అడిగేవాడుండడు. పిటిషన్ వేయడంతో ఒక్క రూపాయి బాకీ కూడా రద్దవదు. విచారణ జరగాలి, దివాలాదారుగా ప్రకటించాలి, ఆస్తి పంచాలి, ఆ తర్వాత గడువులోగా అతనే విముక్తి కోరుతూ మళ్లీ దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే ఆ ప్రకటనే రద్దవుతుంది. ఐపీని బూతుమాటలా వాడే సమాజంలో ఈ సంగతులు ఎవరికీ తెలియవు. తెలియనితనం దొంగకు లాభం, మంచివాడికి నష్టం. మంచివాడు సిగ్గుతో కోర్టు గుమ్మం తొక్కడు. సిగ్గులేనివాడు తొక్కుతాడు, అడ్డుపడేవాడు లేక నెగ్గుతాడు. దాన్ని చూపించి మనం ‘చూశారా, ఐపీ పెట్టేవాళ్లంతా ఇంతే’ అంటాం.

ఇంకో వాదన ఉంది. ‘తీసుకున్నప్పుడు తెలియదా? మాట మాటే’ అంటారు. ఇచ్చినవాడికీ మాట ఉంది కదా, అదేమిటో అడుగుదాం. నూటికి రెండున్నర అంటే ఏడాదికి 30 శాతం. బ్యాంకులో వేస్తే ఏడెనిమిది శాతం కూడా కష్టంగా వచ్చే డబ్బుకు 30 శాతం ఎందుకు అడిగాడు? డబ్బు మునిగిపోవచ్చని తెలుసు కనుక. ఆ పైశాతాలు మునిగే ప్రమాదానికి కట్టిన ధర. నాలుగేళ్లు ఆ ధర ముట్టించుకున్నాక, ప్రమాదం వచ్చిన రోజు మాత్రం ‘నేను మునగడానికి వీల్లేదు’ అంటే ఎలా? వడ్డీ లేకుండా చేబదులిచ్చిన చెల్లెలు ఆ మాటంటే అర్థముంది. విచిత్రం ఏమిటంటే ఆమె అనదు, ఆయనే అంటాడు.

కంపెనీలకు ఈ నీతి ఎవరైనా చెబుతున్నారా? విశాఖపట్నంలో కార్ల అల్లాయ్ చక్రాలు చేసే సినర్జీస్ డూరే ఆటోమోటివ్ అనే సంస్థ ఉండేది. 2016 దివాలా స్మృతి కింద దేశంలో మొట్టమొదట ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళిక దానిదే. 2017 ఆగస్టులో హైదరాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదించింది. 970 కోట్లకు పైబడిన బాకీకి అప్పులిచ్చిన సంస్థలకు దక్కింది సుమారు 54 కోట్లు, రూపాయికి ఆరు పైసల లోపు. చట్టప్రకారమే జరిగింది, ఆ పని తప్పని నేననను. మరి రూపాయికి 60 పైసలు ఇస్తానని సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వచ్చిన ఎరువుల కొట్టు మనిషిని ఏ ముఖంతో దొంగంటున్నాం? కోటు వేసుకున్నవాడు తీర్చలేకపోతే ‘పరిష్కారం’, లుంగీ కట్టుకున్నవాడు తీర్చలేకపోతే ‘టోపీ’. ఇదే మన నీతి అయితే దానికి ధర్మమనే పేరు పెట్టకండి.

ఇంతమాత్రాన అప్పులున్న ప్రతివాడూ ఐపీకి పరుగెత్తాలని చెబితే అది ఇంకో అబద్ధం. ఐపీ పనికిరాని సందర్భాలు చాలా ఉన్నాయి. ఇల్లు బ్యాంకులో తనఖా పెట్టి ఉంటే ఐపీ ఆ ఇంటిని కాపాడదు, తాకట్టు ఉన్నవాడి హక్కు అలాగే ఉంటుంది. షూరిటీ సంతకం పెట్టిన బావమరిదీ బయటపడడు, మీకు విముక్తి వచ్చినా అప్పులవాడు అతని గుమ్మం ముందు నిలబడవచ్చు. పిటిషన్ వేసేముందు ఆ సంగతి అతనికి చెప్పకపోతే అది నిజంగా ద్రోహమే. చెక్కు బౌన్సు కేసు క్రిమినల్ కేసు, ఐపీ పెట్టినంత మాత్రాన ఆగదు. ప్రభుత్వ బాకీలు, భార్యాపిల్లలకు కట్టాల్సిన మనోవర్తి పోవు. బ్యాంకు అప్పు ఒక్కటే ఉంటే వన్‌టైమ్ సెటిల్‌మెంటో లోక్ అదాలతో మేలు. ఆస్తి అప్పుకంటే ఎక్కువుంటే దర్జాగా అమ్మి తీర్చుకోండి, ఐపీ అడిగే హక్కే లేదు.

మిగిలినవాళ్లు తమకు తాము వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడే. ఇప్పుడున్న రాబడితో అసలు కాదు, కనీసం వడ్డీ అయినా కట్టగలనా? కట్టలేకపోతే ఆ వడ్డీకి కొత్త అప్పు తెస్తున్నానా? ఉన్నదంతా ఈ రోజు అమ్మితే రూపాయికి ఎన్ని పైసలు వస్తాయి? మొదటిదానికి లేదని, రెండోదానికి అవునని జవాబు వస్తే మూడో లెక్క రోజురోజుకూ తరుగుతుంది. అక్కడి నుంచి ఆగిన ప్రతి నెలా అప్పులవాళ్ల సొమ్ముతో పరువు కొనుక్కుంటున్నట్టే. అయినా పిటిషన్ వేస్తే నడివీధిలో పడతామన్న భయం వేస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద జప్తు చేయకూడనివి ఐపీలోనూ రిసీవరుకు పోవు. ఒంటి మీది బట్టలు, వంటసామాను, పక్కలు, చేతిపనివాడి పనిముట్లు, రైతు నాగలీ ఎడ్లూ అతనుండే ఇల్లూ అందులో ఉన్నాయి.

ఈ చట్టం గొప్పదని కూడా నేననడం లేదు. 500 రూపాయల బాకీ ఉంటే దివాలా పిటిషన్ వేయవచ్చని అంటుంది, ఆ అంకె వందేళ్లుగా మారలేదు. గుమాస్తాల, కూలీల జీతబాకీకి మొదటి వరసలో చోటిచ్చి, దానికి పెట్టిన పరిమితి 20 రూపాయలు! 2016 స్మృతిలో వ్యక్తుల దివాలాకు మెరుగైన ఏర్పాటు రాశారు, దివాలా ప్రకటించిన ఏడాదిలో విముక్తి అన్నారు. 2019 డిసెంబరు 1 నుంచి దాన్ని కంపెనీల అప్పులకు సొంత హామీ ఇచ్చినవాళ్లకు మాత్రమే వర్తింపజేసి అక్కడే ఆపేశారు. అటకెక్కిన ఆ భాగంలో నిరుపేదల కోసం ‘కొత్త ఆరంభం’ అనే పద్ధతి కూడా ఉంది. దానికి ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు మించకూడదు, సొంత ఇల్లుండకూడదు. ఇంత చిన్న మేలు కూడా అమలులోకి తెమ్మని ఏ పార్టీ సభలోనూ డిమాండు వినబడదు. రుణమాఫీకి ఓట్లున్నాయి, దివాలాకు సిగ్గు తప్ప ఏమీ లేదు. 2010లో మైక్రోఫైనాన్స్ వేధింపులు రచ్చకెక్కితే ఆర్డినెన్స్ తెచ్చారు. 2015లో విజయవాడ కాల్‌మనీ బాగోతం బయటపడితే అరెస్టులు చేశారు. రెండుసార్లూ కన్ను అప్పిచ్చినవాడి ఆగడం మీదే పడింది. అప్పులో కూరుకుపోయినవాడు బయటికొచ్చే దారి గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో లెక్కలున్నాయి. 2018 నుంచి 2020 దాకా మూడేళ్లలో దివాలా, అప్పుల బాధతో దేశంలో ప్రాణాలు తీసుకున్నవాళ్లు 16 వేలకు పైనే. 2022 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం రాజ్యసభకు చెప్పిన అంకె ఇది. మనిషి పోయాక ఊరు ‘పాపం, పరువు గల మనిషి’ అంటుంది. వడ్డీవ్యాపారి అప్పుడూ వస్తాడు, వారసుల దగ్గర ఆస్తి ఏమైనా మిగిలిందా అని చూస్తాడు. చచ్చి ఎవరి బాకీ తీర్చినట్టు? చెల్లెలికి పైసా రాలేదు, గుమాస్తాకూ రాలేదు. తీర్చలేకపోవడం వేరు, తీర్చగలిగీ ఎగ్గొట్టడం వేరు అని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ స్పష్టంగా చెప్పారు. డబ్బు లేకపోవడం ఒక్కటే కారణంగా బాకీదారుణ్ణి జైలుకు పంపకూడదన్నారు. సుప్రీంకోర్టు ఆ తేడా గుర్తించి నాలుగు దశాబ్దాలు దాటింది. మన రచ్చబండలు, జిల్లా పేజీలు ఇంకా గుర్తించలేదు.

కనుక ఈసారి ఎవరైనా ఐపీ పెట్టారని తెలిస్తే తిట్టడానికి ముందు పిటిషన్ చూడండి. ఆస్తి మొత్తం చూపించాడా, ఆఖరి ఏడాదిలో ఎవరికి ఏం రాసిచ్చాడు, తీర్చలేనని తెలిశాక ఎవరి దగ్గర కొత్తగా తెచ్చాడు అని అడగండి. మీకు బాకీ ఉన్నవాడైతే వాయిదాకు వెళ్లి జడ్జి ముందే అడగండి. జవాబులు సరిగ్గా ఉంటే అతణ్ణి మళ్లీ కొట్టు తెరుచుకోనివ్వండి. లేకపోతే జైలుకు పంపండి, చట్టం మీ వైపే ఉంది. తీర్చలేనని తేలిన రోజే నోరు విప్పి చెప్పినవాణ్ణి దొంగలతో కలిపి తిట్టినంతకాలం ఎవడూ ఆ రోజు నోరు విప్పడు, అప్పులిచ్చినవాళ్లు రూపాయికి 60 పైసలు పోగొట్టుకుని 46 కోసం కొట్టుకుంటూనే ఉంటారు.